మురుక్కాలవ వెంట ఆరు రోజులు

మొదటి రోజు, సోమవారం: అనంతపురం నుంచి అహ్మదాబాద్

ముప్పై మూడేళ్ళు మునిసిపాలిటీ ఇంజనీరింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మంచినీళ్ళు, డ్రైనేజీ నా సబ్జెక్టు. ఏ ఊరెళ్ళినా ముందు కాలవ చూస్తాను, ఆ తర్వాతే గుడి. మా ఆవిడకి ఇది పరువు తక్కువ వ్యవహారం. "కాశీకి పోయి కూడా మ్యాన్‌హోల్ మూతలు లెక్కపెట్టిన మనిషి" అని చుట్టాల్లో చెప్పి నవ్విస్తుంటుంది.

ఈ ప్రయాణానికి బీజం నేను బడిలో ఉన్నప్పుడే పడింది. 'సింధు నాగరికత నాటి మురుగునీటి పారుదల గురించి రాయుము', ఐదు మార్కులు. రాశాను, నాలుగు వచ్చాయి. ఉద్యోగంలో చేరాక తెలిసింది, ఆ జవాబులో అసలు సంగతే లేదని. డబ్బుంటే కాలవ ఎవరైనా కట్టిస్తారు. కట్టిన కాలవలో ఏటా పూడిక తీయించాలి, తీసినవాడికి కూలి ఇవ్వాలి, ఇంటి అరుగు కాలవ మీదికి జరిపినవాడికి నోటీసివ్వాలి. నాకు తెలిసిన ప్రభుత్వం అంటే ఇదే. నాలుగున్నర వేల ఏళ్ళ కిందట ఈ నోటీసు ఎవరిచ్చారు? రాజా, పూజారా, షావుకార్లా? పుస్తకాలు ఇక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాయి.

మొహంజొదారో, హరప్పా రెండూ పాకిస్తాన్‌లో ఉన్నాయి, మనం వెళ్ళేది కష్టం. గుజరాత్‌లో లోథల్, ధోలావీరా ఉన్నాయిగా అనుకున్నాం. బెంగళూరులో విమానం ఎక్కి సాయంత్రానికి అహ్మదాబాద్‌లో దిగాం. సామాన్లలో నేను దాచి పెట్టుకున్నది ఐదు మీటర్ల స్టీలు టేపు. ఆవిడ దాచి పెట్టుకున్నది కందిపొడి డబ్బా. రాత్రి భోజనంలో పప్పు తియ్యగా వచ్చింది. డబ్బా బయటికొచ్చింది.

రెండో రోజు, మంగళవారం: లోథల్

అహ్మదాబాద్ నుంచి ఎనభై కిలోమీటర్ల చిల్లర. ధోల్కా దాటాక అంతా చదును నేల, గోధుమ చేలు. సరగ్‌వాలా అనే పల్లె పక్కన దిబ్బ. గుజరాతీలో లోథల్ అంటే శవాల దిబ్బ అని అర్థం చెబుతారు. 1954లో కనుక్కున్నారు. ఎస్.ఆర్. రావు 1955 నుంచి 1962 దాకా తవ్వించారు. ఇప్పుడు దగ్గర్లోనే సముద్ర వాణిజ్య చరిత్ర మీద పెద్ద మ్యూజియం కడుతున్నారు. దారంతా టిప్పర్లు, దుమ్ము. కారు అద్దాలు ఎత్తుకునే వెళ్ళాం.

అందరూ ముందు చూసేది రేవు. సుమారు 215 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు ఉన్న ఇటుకల తొట్టి. కాల్చిన ఇటుకలు. నాలుగు పక్కలా గోడలు నిలువుగా దిగాయి. ఇది ఓడలు నిలిపే రేవు అని రావుగారు అన్నారు. కాదు, నీళ్ళ చెరువే అని వాదించినవాళ్ళూ ఉన్నారు. మా ఆవిడ గట్టు మీద ఒక చుట్టు తిరిగొచ్చి తేల్చేసింది. "దిగడానికి మెట్లేవీ? బిందె ఎక్కడ ముంచుతారు? ఇది తాగే నీళ్ళది కాదు." పండితుల పోట్లాటలో ఇంత సూటి మాట నేను చదవలేదు. ఒక చివర నీళ్ళు ఎక్కువైతే పొర్లిపోవడానికి దారి వదిలారు. దాని అంచులో చెక్క తలుపు దించే గాడి ఉంది. మన చెరువుల తూము దగ్గర పలక దించే గాడి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

టేపు తీసి ఒక ఇటుక కొలవబోయాను. కాపలా మనిషి ఎక్కడి నుంచో ఈల వేసుకుంటూ వచ్చాడు. "సాబ్, ఛూనా మనా హై." టేపు జేబులో పెట్టేశాను. కొలవకపోయినా కొలత తెలుసు. సింధు ఇటుక నిష్పత్తి 1:2:4, అంటే ఏడు సెంటీమీటర్ల మందం, పద్నాలుగు వెడల్పు, ఇరవై ఎనిమిది పొడవు. ఒక్క ఊరి ఇటుకైతే ఆశ్చర్యం లేదు. హరప్పా నుంచి లోథల్ దాకా దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్ల దూరంలో అదే నిష్పత్తి. మా రోజుల్లో ఒకే వార్డులో ఇద్దరు కాంట్రాక్టర్ల ఇటుకలు ఒక్కలా ఉండేవి కావు.

రేవు పక్కన మట్టి ఇటుకల దిమ్మెలు. మొదట 64 ఉండేవట, ఇప్పుడు మిగిలినవి పన్నెండు. వాటి మీద గిడ్డంగి. అది ఒకప్పుడు కాలిపోయింది. ఆ మంటల్లో మట్టి ముద్రలు కాలి గట్టిపడి మనకి మిగిలాయి, అరవై ఐదు దొరికాయి. మ్యూజియంలో వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. ముందు వైపు ముద్రలో జంతువు, అక్షరాలు. అందరూ అదే చూస్తారు. నేను వెనక వైపు సంగతి కోసం వెళ్ళాను. వెనక తాడు మెలికలు, చాప అల్లిక, బట్ట నేత అచ్చు పడి ఉంటాయి. మూట కట్టి, ముడి మీద తడి మట్టి అద్ది, దాని మీద ముద్ర వేసేవాళ్ళన్నమాట. ఎన్నికల డ్యూటీలో పెట్టెకి లక్క సీలు వేసినప్పుడు లక్క వెనక నవారు గుర్తు ఇలాగే పడేది. సీలు ఉందంటే మూట ఎవరిదో తెలియాలి, విప్పే హక్కు ఎవరిదో తెలియాలి, ముద్ర చెదిరితే జవాబు చెప్పే మనిషి ఉండాలి. రాజు బొమ్మ లేకపోయినా స్టోర్ కీపర్ మాత్రం ఉన్నాడు.

తూనికరాళ్ళు ఇంకో అద్దాల పెట్టెలో. పాచికల్లాంటి నున్నటి రాతి ఘనాలు. అన్నిటికన్నా చిన్నది సుమారు 0.86 గ్రాములు. ఆ తర్వాత రెండింతలు, నాలుగింతలు, ఎనిమిది, పదహారు, అలా రెట్టింపు. ఎక్కువగా దొరికేది పదహారింతలది, సుమారు 13.7 గ్రాములు. మన వీశె, సవా శేరు లెక్కలు ఊరు దాటితే మారిపోయేవని మా నాన్న చెప్పేవాడు. ఇక్కడ మాత్రం హరప్పా ఉన్న పంజాబు కొలత లోథల్‌లో చెల్లింది. సముద్రం దాటి బహ్రెయిన్‌లో కూడా ఇవే తూనికరాళ్ళు దొరికాయి. అప్పట్లో దాని పేరు దిల్మున్. మా బావమరిది కొడుకు అక్కడే పనిచేస్తున్నాడు. ఫోటో పంపితే 'ఓకే మామా' అని మెసేజ్ పెట్టాడు.

ఇక కాలవలు. ఎత్తు మీద పెద్దల పేట. అక్కడ పన్నెండు స్నానాల గదులు వరసగా, వాటి నీళ్ళన్నీ ఒక ఇటుక కాలవలోకి, అక్కడి నుంచి బయటికి. వాటం చక్కగా ఇచ్చారు. కింది పేటలో చాలాచోట్ల ఇంటి నీళ్ళు నేలలో పాతిన కుండలోకి పోతాయి. మన ఇంకుడు గుంతే అనుకోండి. పైన అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ, కింద ఇంకుడు కుండ. సింధు నగరాల్లో అందరూ సమానమే అని రాసేవాళ్ళు ఒకసారి ఈ రెండు పేటల మధ్య నడిచి చూడాలి. అలాగని ఈజిప్టుతో పోల్చే తేడా కూడా కాదు. అదే కాలంలో అక్కడ ఖుఫూ అనే ఒక్క రాజు సమాధి కోసం కొండంత పిరమిడ్ లేపారు. ఇక్కడ దొరికిన సమాధుల్లో కొన్ని కుండలు, కొన్ని పూసలు, అంతే.

మొహంజొదారోలో తవ్విన ఎర్నెస్ట్ మెకే రాసిన ఒక సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. అక్కడి కాలవల పక్కన చిన్న చిన్న ఇసక కుప్పలు కనబడ్డాయట. పూడిక తీసినవాళ్ళు తీసింది పక్కనే పోసి, ఎత్తకుండా వెళ్ళిపోయారు. ఇది చదివినప్పుడు ఆఫీసులో గట్టిగా నవ్వాను. కౌన్సిల్ మీటింగుల్లో నేను తిన్న తిట్లలో సగం ఈ కుప్పల గురించే. అంటే అక్కడ పూడిక తీసే ముఠా ఉంది, దాన్ని పంపినవాడున్నాడు. ఎత్తించాల్సిన సూపర్‌వైజరు ఆరోజు రాలేదు.

మూడో రోజు, బుధవారం: ఖంభాత్

ఈ ఊరు నా లిస్టులో లేదు. మా ఆవిడ పట్టుబట్టింది, పూసలు కొనాలని. తీరా చూస్తే మొత్తం ప్రయాణంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఈ ఊరే.

ఖంభాత్‌లో అకీక్ అనే రంగురాయితో పూసలు చేసే పని తరతరాలుగా జరుగుతోంది. రాయి నర్మద అవతల రతన్‌పూర్ వైపు నుంచి వస్తుంది. ఒక సందులో, ఇంటి వసారాలో, డెబ్బై ఏళ్ళ పెద్దాయన కూర్చుని పని చేస్తున్నాడు. నేలలో ఒక ఇనప మేకు ఏటవాలుగా పాతి ఉంది, మొన పైకి. రాతి ముక్కని ఎడం చేత్తో ఆ మొనకి ఆనించి, కుడిచేత్తో గేదెకొమ్ము సుత్తితో వెనక నుంచి టక్కున కొట్టాడు. మొన తగిలిన చోట పెచ్చు లేచింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ టక్. సుత్తి తగిలేది ఒక పక్క, పెచ్చు లేచేది ఇంకో పక్క. నేను పది లెక్కపెట్టేలోపు కొండరాయి లాంటి ముక్క ఉసిరికాయ ఆకారానికి వచ్చింది. ఆయన చేతివేళ్ళ మీద చిన్న చిన్న కోతల మచ్చలు. ముక్క కిందికి జారితే తొడ మీద పరిచిన గోనెపట్టా పట్టుకుంటోంది.

రాయి మొదట బూడిదరంగులోనే ఉంటుంది. ఎండలో ఎండబెట్టి, కుండలో పెట్టి నిదానంగా కాలిస్తే లోపలి ఇనుము ఎర్రబడి రక్తం రంగు వస్తుంది. కాల్చే మనిషి వేరు, పెచ్చు కొట్టే మనిషి వేరు, బెజ్జం వేసేవాడు వేరు, మెరుగు పెట్టేవాడు వేరు. పరిశోధకుడు మార్క్ కెనోయర్ ఇక్కడి పనివాళ్ళ దగ్గర కూర్చుని చూసి, సింధు కాలపు పూసల పని ఎలా జరిగి ఉంటుందో లెక్క కట్టాడు. ఇప్పుడు బెజ్జానికి వజ్రపు మొన వాడుతున్నారు. అప్పట్లో వాడింది ఒక రకం గట్టి రాతి మొన, దానితో గంటకి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. పది సెంటీమీటర్ల పొడవు పూసకి రెండు వైపుల నుంచీ తొలిస్తే ఎన్ని రోజులు పడుతుందో వేసుకోండి. మధ్యలో విరిగితే మొదటికే.

అలాంటి పొడుగు పూసలు ఇరాక్‌లో, ఊర్ నగరపు రాజుల సమాధుల్లో దొరికాయి. 1920లలో లియోనార్డ్ వూలీ తవ్వాడు. అక్కడ రాజు చనిపోతే నౌకర్లనీ దాసీలనీ వెంట పంపేవాళ్ళు. ఒక్క గోతిలోనే డెబ్బై నలుగురు. రాణి పుఆబీ ఒంటి మీద బంగారం, నీలం రాయి, మన వైపు ఎర్ర పూసలు. పూసలు పంపిన ఊళ్ళలో మాత్రం అలాంటి సమాధి ఒక్కటీ లేదు.

మెసొపొటేమియా, అంటే అప్పటి ఇరాక్, ప్రభుత్వం గురించి మనకి ఇంత తెలియడానికి కారణం ఒక్కటే, వాళ్ళు మట్టి పలకల మీద రాశారు. వాటిలో ఎక్కువ భాగం కవిత్వం కాదు, మస్టర్ రోళ్ళు. ఏ మనిషికి ఎంత బార్లీ, ఏ గుడికి ఎన్ని గొర్రెలు, ఎవరు పనికి రాలేదు. రాజు హమ్మురాబి వచ్చేసరికి 282 సూత్రాల చట్టం రాతి మీద చెక్కారు. కట్టిన ఇల్లు కూలి యజమాని చస్తే మేస్త్రీకి మరణశిక్ష. నేను ఆ కాలంలో పుట్టనందుకు దేవుడికి దణ్ణం. ఆయనకంటే ఐదు వందల ఏళ్ళ ముందు అక్కాద్ రాజు సార్గోన్, మెలుహ్హా ఓడలు మా రేవులో నిలిచాయని గొప్ప చెప్పుకున్నాడు. మెలుహ్హా అంటే మన సింధు ప్రాంతమేనని చాలామంది పండితుల మాట. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఒక ముద్ర ఉంది. దాని మీద షు-ఇలిషు అనే మనిషి పేరు, కింద ఉద్యోగం: మెలుహ్హా భాష దుబాసీ. అంటే మన ముత్తాతల భాష వచ్చినవాడు ఒకడు అక్కడ నౌకరీ చేశాడు. వాడి డైరీ ఒక్కటి దొరికినా చాలు.

మా ఆవిడ రెండు దండలు కొంది. బేరం ఆడలేదు. "అంత కొట్టుడు చూశాక ఏం ఆడతాం" అంది. రాత్రి అహ్మదాబాద్ తిరిగొచ్చి భుజ్ రైలెక్కాం.

నాలుగో రోజు, గురువారం: భుజ్

నిద్ర సరిగా లేదు. ఊరంతా కొత్త కట్టడాలే, 2001 భూకంపం తర్వాత లేచినవి. మధ్యాహ్నం దాకా పడుకున్నాం. సాయంత్రం పాత చెరువు గట్టు మీద నడిచి, బంగాళదుంప, వేరుశనగ కూరిన దాబేలీ బన్ను తిన్నాం. మా జిల్లా వేరుశనగ ముందు ఇది దిగదుడుపే అని నేనన్నాను, కాదని ఆవిడ. రేపటికి కారు మాట్లాడుకున్నాం.

ఐదో రోజు, శుక్రవారం: ధోలావీరా

పొద్దున ఐదింటికే బయల్దేరాం. ఖావ్‌డా దాటాక కొత్త రోడ్డు రణ్ అనే ఉప్పు ఎడారి మధ్యలో నుంచి పోతుంది. రెండు పక్కలా తెల్లటి ఉప్పు, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఈ రోడ్డు పడకముందు చుట్టూ తిరిగి రాపర్ మీదుగా వెళ్ళాల్సి వచ్చేదట. డ్రైవరు కుర్రాడు సెల్ఫీ కోసం మూడుసార్లు ఆపాడు, మాకు కాదు, వాడికి.

ఖదీర్ బేట్ అనే దీవి మీద ధోలావీరా. అప్పట్లో చుట్టూ నీళ్ళుండేవనీ, పడవలు వచ్చేవనీ అంటారు. 1960లలో జె.పి. జోషి కనుక్కున్నారు, 1990 నుంచి ఆర్.ఎస్. బిష్ట్ ఏళ్ళ తరబడి తవ్వించారు. 2021లో యునెస్కో జాబితాలో చేరింది. గేటు దగ్గర దిగేసరికి మ్యూజియానికి తాళం. శుక్రవారం సెలవు. మునిసిపాలిటీలో పనిచేసినవాడికి సెలవు రోజు చూసుకోవాలని తెలియదా అని ఆవిడ వాయించింది. తప్పు నాదే. ఊళ్ళో ఒక గది తీసుకుని, దిబ్బ మాత్రం ఆ రోజే చూశాం. తవ్వకాల్లో కూలికి పోయిన ఒకాయన గైడుగా వచ్చాడు. పలుగు పట్టిన చేతులు, చూస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ కాల్చిన ఇటుక కనబడదు, అంతా రాయి. దీవిలో రాయి దొరుకుతుంది, దొరికింది వాడారు. మట్టి ఇటుక వాడిన చోట మాత్రం నిష్పత్తి మళ్ళీ అదే. ఊరు మూడు భాగాలు: కోట, మధ్య ఊరు, కింది ఊరు. కోట గోడల మందం చూస్తే, అందరూ సమానం కాదని లోథల్‌లో నాకు కలిగిన అనుమానం గట్టిపడింది. అడుగున పదకొండు మీటర్లు. శత్రువు కోసం అంత గోడ కట్టారా, వరద కోసమా, లేక ఊళ్ళోవాళ్ళకి మా లెవెల్ ఇదీ అని చూపించడానికా? నా ఓటు మూడోదానికి. ఉత్తర ద్వారం ముందు 283 మీటర్ల పొడవు మైదానం, జనం కూర్చోవడానికి అంచున గట్లు. సంతో, తిరనాళ్ళో, మీటింగో. పైన కోట, కింద జనం. ఎవరో పైన నిలబడి మాట్లాడకుండా అంత చోటు ఎందుకు వదులుతారు?

మొహంజొదారోలో దొరికిన గడ్డపు మనిషి బొమ్మ, పూజారి రాజు అని పేరు పెట్టారు. దాని ఎత్తు 17.5 సెంటీమీటర్లు. ఈజిప్టులో ఫరో ముక్కు అంతకన్నా పెద్దదుంటుంది. ఆ బొమ్మ పూజారీ అని తేలలేదు, రాజూ అని తేలలేదు. కొందరు షావుకార్ల పంచాయతీ అంటారు, కొందరు ఒక్కో నగరానికి ఒక్కో పెద్దల కూటమి అంటారు. నాకు కోట మీద నిలబడితే ఒక్కడు తోచలేదు, కమిటీ తోచింది. ఇంత ఓపికగా, ఇంత విసుగ్గా ఒకే కొలతని ఆరేడు వందల ఏళ్ళు పట్టుకు వేలాడేది కమిటీయే. రాజైతే పేరు కోసం ఒక్కసారైనా మార్చేవాడు.

ఇక నీళ్ళు. ఉత్తరాన మాన్‌సర్, దక్షిణాన మన్‌హర్. రెండూ వానాకాలం వాగులే. అడ్డుకట్టలు వేసి, నీళ్ళని పక్కకి మళ్ళించి, కోట చుట్టూ వరసగా తొట్లు నింపారు. కనీసం పదహారు. తూర్పు తొట్టి 73.4 మీటర్ల పొడవు, 29.3 వెడల్పు, 10.6 లోతు. మొహంజొదారో మహాస్నానవాటిక పన్నెండు మీటర్ల పొడవే, లోతు రెండున్నర. మా ఆవిడ గట్టు మీద నుంచే మెట్లు లెక్కపెట్టడం మొదలెట్టింది. ముప్పై దగ్గర ఆగింది. "ఇది తాగే నీళ్ళది" అంది, లోథల్ తీర్పు గుర్తుంచుకుని.

నేను అక్కడే కూర్చుని సెల్‌ఫోన్‌లో లెక్క వేశాను. గోడలు నిలువు అనుకుంటే రెండు కోట్ల ఇరవై ఎనిమిది లక్షల లీటర్లు. పదివేల జనం, మనిషికి నలభై లీటర్లు అనుకోండి, ఈ ఒక్క తొట్టి యాభై ఏడు రోజులు. ఎండకి ఆవిరయ్యేది తీసేస్తే తగ్గుతుంది. ఒక్క తొట్టి కాదుగా, పదహారు. కొన్నిటిని బండరాయిలోకే తొలిచారు. కోట లోపల వాన నీళ్ళు వృథా కాకుండా రాతి కాలవలు, కొన్నిటిలో మనిషి వంగకుండా నడవచ్చు. వాన మీద బతికే కరువు జిల్లా నుంచి వచ్చిన నాకు చేతులు జోడించాలనిపించింది.

మా కడప వైపు పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. చెరువు కట్టడానికి పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని డిజైన్ మాన్యువల్ మొత్తం రాతి మీద ఉంది. కట్టించినవాడి పేరు, తండ్రి పేరు రెండూ తెలుసు. ఇక్కడ దానికన్నా మూడున్నర వేల ఏళ్ళ ముందు పని, కూలీల లెక్క లేదు, ఎవరి పేరూ లేదు.

సాయంత్రం కోటలోని బావి దగ్గరికి తీసుకెళ్ళాడు గైడు. అంచు రాయి మీద గాళ్ళు, వేలు పెడితే సరిగ్గా పట్టేంత లోతు. తాడు ఒరిపిడి. మా తాతల ఊళ్ళో చేదబావి ఒర మీద కూడా ఇలాంటి గాళ్ళుండేవి. మా ఆవిడ చిన్నప్పుడు నీళ్ళు తోడిన మనిషి. గాడి చూసి కాదు, అది ఒరకి ఎటు వాలిందో చూసి చెప్పింది: "తోడినవాళ్ళు ఈ పక్క నిలబడ్డారు." గైడు తలూపాడు. ఆ తాడు లాగినవాళ్ళు కోటలో ఉండేవాళ్ళా, కోటలోవాళ్ళ కోసం పనిచేసేవాళ్ళా అని నేనడిగాను. ఆయన నవ్వి, "సాబ్, పెద్దింటివాళ్ళు ఎప్పుడైనా నీళ్ళు తోడతారా" అన్నాడు.

ఆరో రోజు, శనివారం: ధోలావీరా, తిరుగు ప్రయాణం

మ్యూజియం తెరిచారు. నేను వచ్చిందే సింధు లిపిలో ఉన్న ఊరి బోర్డు కోసం. ఉత్తర ద్వారం పక్క గదిలో దొరికింది. పది అక్షరాలు, ఒక్కోటి సుమారు 37 సెంటీమీటర్ల ఎత్తు, తెల్లటి ఖనిజం ముక్కలు పేర్చి చెక్క పలక మీద అతికించారు. పలక మొహం కిందికి పడింది, చెక్క కుళ్ళిపోయింది, అక్షరాలు వరస చెడకుండా మిగిలాయి. ఇక్కడ దాని నమూనా ఉంది. మొత్తం బోర్డు మూడు మీటర్ల పొడవు. కింది ఊరు నుంచి చూసినా కనబడేంత. ఊరి పేరో, దేవుడి పేరో, 'అనుమతి లేనిదే లోనికి రాకూడదు' అనో. అంత పెద్ద బోర్డు పెట్టారంటే చదివేవాళ్ళు నలుగురైనా ఉండాలి, లేదా చదవలేకపోయినా భయపడేవాళ్ళు ఉండాలి. మన ఆఫీసు బోర్డులు రెండో రకానివి.

ఈ లిపిలో నాలుగు వందల పైచిలుకు గుర్తులు. ఒక్కో ముద్ర మీద సగటున ఐదే. అంత చిన్న రాతని ఎవరు ఎలా చదివినా కాదనేవాడు లేడు. 2025 జనవరిలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్, దీన్ని చదివి ఒప్పించినవాళ్ళకి పది లక్షల డాలర్లు ప్రకటించారు. చేప గుర్తుని ద్రావిడ భాషల 'మీన్' అని చదవాలని, మీన్ అంటే నక్షత్రం కూడా అని ఫిన్లండ్ పండితుడు ఆస్కో పర్పోలా లాంటివాళ్ళ వాదన. తమిళానికి ఆ శ్లేష చెవిన పడుతుంది. మనకి మీను పాత పద్యాల్లో మిగిలింది, నక్షత్రాన్ని చుక్క అంటాం. మిన్ను మాత్రం ఆకాశానికి ఉంచుకున్నాం. ఒప్పుకోవాలనిపించే వాదనే. నిరూపణ మాత్రం ఇంకా కాలేదు.

ఊరికి పడమట శ్మశానం. పెద్ద గుండ్రటి దిబ్బ ఒకటి, బండి చక్రం ఆకుల్లా లోపల గోడలు. చాలా సమాధుల్లో ఎముకలే లేవు. గుర్తుగా కట్టారు, కుండలు పెట్టారు, అంతే. నాకు ఇక్కడ మాట రాలేదు, డ్రైనేజీ ఇంజనీరుకి చెప్పడానికి ఏమీ లేని చోటు.

తిరిగొస్తూ గైడు ఒక మూల ఆపి గుండ్రటి పునాదులు చూపించాడు. ఊరు చెడిపోయాక, చివరి దశలో వచ్చినవాళ్ళ ఇళ్ళు. వాగులు ఎండాయి, వ్యాపారం పోయింది. నగరం ప్లాను ఎవరికీ గుర్తు లేదు, పాత గోడల రాళ్ళు తీసుకుని ఎవరికి తోచిన చోట వాళ్ళు గుడిసె వేసుకున్నారు. కొలత పోయింది, ముద్రలు పోయాయి. ఇక్కడి పల్లెల్లో ఇప్పటికీ కనబడే గుండ్రటి భుంగా ఇల్లు ఇలాంటిదే. జనం ఎటూ పోలేదన్నమాట, కమిటీ పోయింది. తిరుగు దారిలో డ్రైవరు రణ్ మధ్యలో మళ్ళీ సెల్ఫీకి ఆపాడు. ఈసారి మమ్మల్నీ నిలబెట్టాడు.

ఆ తర్వాత మంగళవారం, ఇల్లు

మా వీధి చివర ఎవరో మేడ లేపుతున్నారు. ఇటుకల లోడు రోడ్డు మీదే దించారు, సగం కాలవలోకి జారింది. టేపు జేబులోనే ఉంది కదా అని ఒకటి తీసి కొలిచాను. పొడవు 22 సెంటీమీటర్లు, వెడల్పు 10, మందం 7. ఇంకోటి తీశాను, 21, 10, 7న్నర. మూడోది ఒక మూల విరిగి ఉంది. మేస్త్రీ వచ్చి "ఏం సార్, ఇన్‌స్పెక్షనా? మీరు రిటైరయ్యారు కదా" అన్నాడు. కాలవలో పడ్డ ఇటుకలు తీయించమన్నాను. రేపు తీయిస్తామన్నాడు.

ఇంతలో మా ఆవిడ మేడ మీద నుంచి అరిచింది. "ఏమండీ, నీళ్ళొచ్చాయి, మోటారెయ్యండి. మళ్ళీ మూడు రోజుల దాకా రావు."